ఆ ఒక్క లైన్ మాకొదిలేయండి: ఓపెన్ సోర్స్ డెవలపర్లకి ఒక ప్యాకేజర్ రాస్తున్న బహిరంగ లేఖ

ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ రాసే అన్నలకి, అక్కలకి, కాలేజీలో ఉండగానే మొదటి రిపో పెట్టేసిన తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి నమస్కారం.

మీరు రాసిన కోడ్‌ని ప్యాకేజీ చేసి జనం కంప్యూటర్లలోకి చేర్చే పని నాది. జీతం వచ్చే ఉద్యోగం వేరే ఉంది, ఇది రాత్రిళ్ళు, ఆదివారాలు చేసే పని. ఎక్కువగా డెబియన్ అనే లినక్స్ సిస్టమ్ కోసం చేస్తాను, ఇంకొన్ని ప్రోగ్రాములు నా సొంత రిపోజిటరీలో పెట్టి తెలిసిన స్కూళ్ళకి, లైబ్రరీలకి ఇస్తుంటాను. మీతో ఒక విషయం మాట్లాడాలని చాన్నాళ్ళుగా అనుకుంటున్నా, ఒక్కొక్కరికీ విడిగా బగ్ రిపోర్ట్ రాసి రాసి అలసిపోయి ఇలా అందరికీ కలిపి రాస్తున్నా.

ముందు ఒక స్కూల్ సంగతి చెప్తాను. పల్లెటూరి హైస్కూల్, ల్యాబ్‌లో ఉన్నవన్నీ ఎవరో ఆఫీసు వాళ్ళు మార్చేసి ఇచ్చిన పాత కోర్ 2 డ్యుయో మెషీన్లు, వాటిలో డెబియన్ వేసి పెట్టాం. పాత తెలుగు పుస్తకాలు స్కాన్ చేసి టెక్స్ట్‌గా మార్చే పని అక్కడి తెలుగు మాస్టారు పిల్లలతో చేయిస్తుంటారు, దానికి స్కాన్ చేసిన పేజీని శుభ్రం చేసే ఒక చిన్న ప్రోగ్రాం నేనే ప్యాకేజీ చేసి ఇచ్చాను. ఒకసారి దాని కొత్త వెర్షన్ వచ్చింది, నా ల్యాప్‌టాప్‌లో బిల్డ్ చేశాను (కోడ్‌ని నడిచే ప్రోగ్రాంగా మార్చాను), పరీక్షించాను, బాగానే ఉంది, రిపోజిటరీలో పెట్టేశాను. సోమవారం పొద్దున్నే మాస్టారు ఫోన్. "బాబూ, అప్‌డేట్ అయిన దగ్గర్నుంచీ అది తెరుచుకోవట్లేదు, ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్ అని వస్తోంది, పిల్లలు ఏదైనా చేయకూడని పని చేశారేమోనని అడుగుతున్నా" అన్నారు. ఆయన గొంతులో భయం ఉంది. ఇల్లీగల్ అనే మాట చూసి, తమ వల్లే ఏదో తప్పు జరిగిందనుకుని, ఆ ల్యాబ్‌కి తాళం వేసి మరీ నాకు ఫోన్ చేశారాయన.

తప్పు ఆయనది కాదు, పిల్లలది అసలే కాదు. జీడీబీ అనే డీబగ్గర్‌లో చూస్తే ప్రోగ్రాం ఆగిపోయిన చోట ఒక ఏవీఎక్స్2 ఇన్‌స్ట్రక్షన్ ఉంది, అంటే కొత్త సీపీయూలకే తెలిసిన, ఒకేసారి చాలా లెక్కలు చేసే ఆదేశం. ఏవీఎక్స్2 ఇంటెల్ ప్రాసెసర్లలోకి వచ్చింది 2013లో, కోర్ 2 డ్యుయో దానికంటే ఏళ్ళ ముందుది, ఆ ఇన్‌స్ట్రక్షన్ అంటే ఏమిటో దానికి తెలీదు. మరి అది బైనరీలోకి ఎలా వచ్చిందీ అని మేక్‌ఫైల్ (ఎలా బిల్డ్ చేయాలో రాసుండే ఫైల్) తెరిస్తే ఇదీ లైను, కొత్త వెర్షన్‌లో చేర్చింది:

సీఫ్లాగ్స్ = -ఓ3 -మార్చ్=నేటివ్ -డబ్ల్యూఆల్ -డబ్ల్యూఎర్రర్ -ఐ ఇన్‌క్లూడ్

సీఫ్లాగ్స్ అంటే కంపైలర్‌కి ఇచ్చే ఆదేశాల జాబితా, ఒక్కో ఆదేశం ఒక ఫ్లాగ్. ఈ ఒక్క లైన్‌లో నేను చెప్పాలనుకున్నదంతా ఉంది, అందుకే ఒక్కో ముక్కా తీసి చెప్తాను, కాస్త ఓపిగ్గా వినండి.

మార్చ్=నేటివ్ అంటే ఏమిటి, ఇప్పుడు బిల్డ్ చేస్తున్న ఈ మెషీన్‌లో ఏ సీపీయూ ఉందో సరిగ్గా దానికే సరిపోయేలా కోడ్ తయారుచెయ్యి అని. మీరు మీ మెషీన్‌లో బిల్డ్ చేసుకుని మీ మెషీన్‌లోనే వాడుకుంటే అది చక్కగా పనిచేస్తుంది. కానీ మేం ఒకచోట బిల్డ్ చేసి వేలమందికి ఇస్తాం. టైలర్ తన ఒంటికి కొలతలు తీసుకుని ఊరందరికీ చొక్కాలు కుట్టినట్టు ఉంటుంది అప్పుడు. డెబియన్ ఏఎమ్‌డీ64లో (మామూలు 64 బిట్ పీసీలకి ఇచ్చేదానిలో) సీపీయూకి ఎస్‌ఎస్‌ఈ2 అనే పాత ఇన్‌స్ట్రక్షన్ల వరకే తెలుసని అనుకుని బిల్డ్ చేస్తాం, ఆ గీత దాటితే ఎవరో ఒకరి పాత కంప్యూటర్ ఆగిపోతుంది, అది ఎవరిదో మనకి తెలీదు, వాళ్ళలో చాలామంది మాస్టారిలా ఫోన్ కూడా చేయరు, ఊరుకుంటారు, అంతే.

స్పీడ్ కావాలి కదా అంటారు. కావాలి, నిజమే, నాకూ కావాలి. దానికి మంచి దారి టెసరాక్ట్ వాళ్ళు చూపించారు, మన తెలుగు పేజీలని టెక్స్ట్‌గా మార్చేది కూడా అదే. వాళ్ళు ఏవీఎక్స్2 కోడ్‌ని విడి ఫైల్లో పెట్టారు, ఆ ఒక్క ఫైల్‌కే ఆ ఫ్లాగ్ ఇస్తారు, ప్రోగ్రాం మొదలైనప్పుడు సీపీయూ ఏదో కనుక్కుని తగిన ఫంక్షన్‌ని ఎంచుకుంటుంది. ఒకే బైనరీ కొత్త సర్వర్‌లో వేగంగానూ, పాత డబ్బాలో నెమ్మదిగానూ, రెండుచోట్లా సరిగ్గానే నడుస్తుంది. కష్టపడి రాయాల్సింది ఆ కోడ్ అండి, బిల్డ్ స్క్రిప్ట్‌లో ఒక ఫ్లాగ్ పడేస్తే వచ్చేది కాదు.

ఇక ఆ సమానం గుర్తు. అదొక్కటే సగం తలనొప్పి. డెబియన్‌లో డీపీకేజీ-బిల్డ్‌ఫ్లాగ్స్ అని ఒకటుంది, అది సీఫ్లాగ్స్, సీపీపీఫ్లాగ్స్, ఎల్‌డీఫ్లాగ్స్ అన్నీ తయారుచేసి ఎన్విరాన్‌మెంట్‌లో పెడుతుంది, అందులో స్టాక్ ప్రొటెక్టర్ ఉంటుంది, ఫోర్టిఫై సోర్స్ ఉంటుంది, రెల్రో ఉంటుంది, అంటే ఎవడైనా బఫర్ ఓవర్‌ఫ్లోతో లోపలికి దూరాలని చూస్తే అడ్డుకునే తలుపులూ గడియలూ అన్నమాట. మీ మేక్‌ఫైల్‌లో ఉత్త = ఉంటే ఎన్విరాన్‌మెంట్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది. ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు, ప్యాకేజీ తయారవుతుంది, కానీ గడియలు లేని ప్యాకేజీ. ?= రాస్తే చాలు, బయట విలువ ఉంటే అది ఉంటుంది, లేకపోతే మీది వస్తుంది. ఒక్క ప్రశ్నార్థకం గుర్తు.

కానీ అంతటితో అయిపోదు, ఇంకో మెలిక ఉంది. ఆ లైన్ చివర -ఐ ఇన్‌క్లూడ్ ఉంది చూడండి, అది లేకపోతే మీ హెడర్ ఫైళ్ళే దొరకవు, ప్రోగ్రాం బిల్డే అవ్వదు. ఇప్పుడు మీరు ?= పెట్టారనుకోండి, నా విలువ రాగానే మీ ఇన్‌క్లూడ్ దారి కూడా పోతుంది. పోనీ += పెడదామా అంటే, ఎన్విరాన్‌మెంట్ నుంచి వస్తే కలుస్తుంది గానీ, ఎవరైనా మేక్ కమాండ్ పక్కనే సీఫ్లాగ్స్ ఇచ్చారంటే మేక్ మీ += ని కూడా పట్టించుకోదు, కమాండ్ లైన్‌దే పైచేయి. అందుకని రెండూ విడదీయండి. మీ ప్రోగ్రాంకి తప్పనిసరిగా కావాల్సినవి, ఇన్‌క్లూడ్ దారి, వెర్షన్ డెఫినిషన్, సీ స్టాండర్డ్ ఏదో, అవన్నీ మీ సొంత పేరున్న ఒక వేరియబుల్‌లో పెట్టుకోండి. ఆప్టిమైజేషన్, డీబగ్, సెక్యూరిటీ ఫ్లాగ్‌లు సీఫ్లాగ్స్‌లో, అవి బిల్డ్ చేసేవాడివి. కంపైల్ రూల్‌లో ముందు మీవి, చివర మావి. సీఫ్లాగ్స్ వాడుకునేవాడి సొత్తు అని గ్నూ కోడింగ్ స్టాండర్డ్స్‌లో ఎప్పుడో రాసిపెట్టారు, నేను కొత్తగా కనిపెట్టిందేం లేదు. సీపీపీఫ్లాగ్స్‌ని కూడా ఆ రూల్‌లో చేర్చడం మర్చిపోకండి, చేత్తో రాసిన మేక్‌ఫైళ్ళలో ఎక్కువగా తప్పిపోయేది అదే.

మేక్‌ఫైల్ చేత్తో రాయకుండా సీమేక్, మెసన్ లాంటి బిల్డ్ పనిముట్లు వాడేవాళ్ళు మాకీ గొడవ లేదు అనుకోకండి. సీమేక్_సీ_ఫ్లాగ్స్‌ని సెట్ అని పెట్టి కొత్త విలువ రాసేస్తే జరిగేది అచ్చం ఇదే. మేం బిల్డ్ టైప్‌ని నన్ అని ఇస్తాం, మెసన్ అయితే ప్లెయిన్ అని ఇస్తాం, అంటే ఫ్లాగ్‌లు మేం చూసుకుంటాం మీరు ఏమీ కలపకండి అని చెప్పడం, దాన్ని చూసి కూడా స్క్రిప్ట్‌లో బలవంతంగా రిలీజ్‌కి మార్చేసేవాళ్ళున్నారు. సీమేక్ రిలీజ్‌లో ఎన్‌డీబగ్ ఉంటుంది, అసర్ట్‌లు (కోడ్‌లో పెట్టుకున్న తనిఖీలు) ఎగిరిపోతాయి, ఆ అసర్ట్‌ని నమ్ముకుని కోడ్ రాసినవాళ్ళకి అది తెలిసేసరికి ఏడాది పడుతుంది.

తర్వాతది డబ్ల్యూఎర్రర్, అంటే ప్రతి వార్నింగ్‌నీ ఎర్రర్‌గా చూసి బిల్డ్ ఆపేసే ఫ్లాగ్. దీని మీద నాకు కోపం లేదు, మీ సీఐలో (ప్రతి మార్పుకీ దానంతటదే నడిచే పరీక్షల్లో) పెట్టుకోండి, ప్రతి వార్నింగ్‌నీ సరిచేయండి, మంచిదే. కానీ రిలీజ్ చేసిన టార్‌బాల్‌లో (సోర్స్ కట్టలో) ఎందుకండీ? జీసీసీ కంపైలర్‌కి ఏటా ఒక పెద్ద వెర్షన్ వస్తుంది, వచ్చినప్పుడల్లా కొత్త వార్నింగ్‌లు వస్తాయి, మీరు మూడేళ్ళ కింద రాసి వదిలేసిన కోడ్ నిన్నటిదాకా బిల్డ్ అయ్యి ఇవ్వాళ ఆగిపోతుంది, కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు. అప్పుడు మా దగ్గర ఆ ప్యాకేజీ తర్వాతి రిలీజ్ నుంచే పీకేసే పరిస్థితి వస్తుంది. మీకు అప్పటికి వేరే ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు, మెయిల్ చూసే తీరిక ఉండదు, అర్థం చేసుకుంటాను. అందుకే ముందే తీసేయమంటున్నా.

జీసీసీ 14 వచ్చినప్పుడు, 2024 మే నెలలో, ఏం జరిగిందో ఇంకా కళ్ళముందే ఉంది. డిక్లేర్ చేయకుండా ఫంక్షన్ పిలవడం సీ భాషలోంచి 1999లోనే తీసేశారు, అయినా కంపైలర్ పాతికేళ్ళు వార్నింగ్‌తో సరిపెట్టింది, 14లో దాన్ని ఎర్రర్ చేసింది. కోడ్ బిల్డ్ అవ్వకపోతే ఫర్వాలేదు, ఎక్కడ తప్పో కనిపిస్తుంది, సరిచేస్తాం. అసలు బాధ పాత కాన్ఫిగర్ స్క్రిప్ట్‌లతో. కాన్ఫిగర్ ఏం చేస్తుందంటే చిన్న చిన్న టెస్ట్ ప్రోగ్రాములు రాసి, అవి కంపైల్ అయితే ఈ సిస్టమ్‌లో ఫలానా ఫీచర్ ఉంది, అవ్వకపోతే లేదు అని తేల్చుకుంటుంది. ఆ టెస్ట్ ప్రోగ్రాంలోనే ఎవరో ఒకప్పుడు హెడర్ ఇన్‌క్లూడ్ చేయకుండా ఎగ్జిట్ ఫంక్షన్ పిలిచి ఉంటారు. కొత్త కంపైలర్ దానికి ఎర్రర్ ఇస్తుంది, కాన్ఫిగర్ "లేదు" అని రాసుకుంటుంది, బిల్డ్ హాయిగా పూర్తవుతుంది, ప్యాకేజీలో ఒక ఫీచర్ మాయం. నేను ఇలాంటి ఒక ప్యాకేజీకి పాత లాగ్, కొత్త లాగ్ పక్కపక్కన పెట్టుకుని "అవును", "లేదు" లైన్లు ఒక్కొక్కటే పోల్చుకుంటూ కూర్చున్నాను, రెండు రాత్రిళ్ళు పట్టింది, తేడా ఒక్కచోటే. ఆ పరీక్ష దేనికోసమో చూస్తే ఇప్పుడు ఎవరి దగ్గరా లేని ఏదో పాత యునిక్స్ కోసం. అది అక్కడ ఉండాల్సిన అవసరమే లేదు!

అందుకే అడుగుతున్నా, మీ కాన్ఫిగర్‌లో ఉన్న పరీక్షల్లో మీ కోడ్ నిజంగా వాడుకునేవి ఎన్ని? ఒకసారి కూర్చుని లెక్కపెట్టండి. ఫలితాన్ని ఎక్కడా వాడని పరీక్షలు కనిపిస్తే కొట్టేయండి, ఇంకో ప్రాజెక్ట్ నుంచి కాపీ చేసి తెచ్చినవి అయితే మరీను.

ఫైళ్ళని కుదించే ఎక్స్‌జెడ్ అనే ప్రోగ్రాం సంగతి మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రూండ్ బయటపెట్టారు, డెబియన్‌లో ఇంకా తయారవుతూ ఉండే వెర్షన్ సిడ్‌లో ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కి (దూరం నుంచి లోపలికి వెళ్ళడానికి) అర సెకను ఎక్కువ పడుతోందేమిటా అని వెతుక్కుంటూ పోయి బ్యాక్‌డోర్ పట్టుకున్నారు, 5.6.0, 5.6.1 వెర్షన్లలో. దాని గురించి మాట్లాడినవాళ్ళంతా ప్రాజెక్ట్‌ని ఒంటరిగా మోసే మెయింటైనర్ కష్టం గురించి మాట్లాడారు, అది మాట్లాడాల్సిందే. నన్ను మాత్రం నిద్రపోనివ్వనిది ఇంకోటి. ఆ దొంగ కోడ్‌ని లేపే ముక్క సీ ఫైళ్ళలో లేదు, బిల్డ్ స్క్రిప్ట్‌లో ఉంది. బిల్డ్-టు-హోస్ట్ అనే ఒక ఎమ్4 ఫైల్ (కాన్ఫిగర్ స్క్రిప్ట్ తయారీలో వాడే ముక్క), అదీ గిట్‌లో ఉన్నది కాదు, రిలీజ్ టార్‌బాల్‌లో మాత్రమే మార్చి పెట్టినది. అది పరీక్షల కోసం పెట్టిన పాడైపోయిన కంప్రెస్డ్ ఫైల్‌లోంచి షెల్ స్క్రిప్ట్‌ని బయటికి తీసింది, ఆ స్క్రిప్ట్ చూసేవాటిలో ఒకటేమిటో తెలుసా, ఇక్కడ డెబియన్ ప్యాకేజీ కట్టే రూల్స్ ఫైల్ ఉందా, లేదా ఫెడోరా లాంటి వాటి ప్యాకేజీ అయిన ఆర్‌పీఎమ్ బిల్డ్ జరుగుతోందా అని. అంటే మామూలుగా ఇంట్లో బిల్డ్ చేసుకునేవాడి జోలికి పోలేదు. మాకోసం, ప్యాకేజీ చేసేవాళ్ళకోసం మాటువేసింది. మా చేతుల మీదుగా అందరి ఇళ్ళలోకి వెళ్ళాలని.

ఆ దొంగ దాన్ని ఎందుకు అక్కడ దాచాడు? ఎమ్4 ఎవరూ చదవరు కాబట్టి. వేల లైన్ల కాన్ఫిగర్‌ని ఎవరూ చదవరు కాబట్టి. మీరూ చదవరు, నేనూ చదవలేదు, పాత ప్రాజెక్టుల్లో దాన్ని రాసినవాళ్ళు కూడా ఇప్పుడు చదివి అర్థం చెప్పలేరు. అదే ప్రాజెక్ట్ సీమేక్ ఫైల్‌లో ల్యాండ్‌లాక్ శాండ్‌బాక్స్ (ప్రోగ్రాంని హద్దుల్లో ఉంచే లినక్స్ రక్షణ) ఉందా లేదా అని చూసే చిన్న పరీక్ష ఉండేది, అందులో ఒక లైన్‌లో ఒంటరిగా ఒక చుక్క పెట్టారు. ఒక్క ఫుల్‌స్టాప్. దాంతో ఆ టెస్ట్ ప్రోగ్రాం ఎప్పటికీ కంపైల్ అవ్వదు, కాన్ఫిగర్ చేసిన ప్రతిసారీ "ల్యాండ్‌లాక్ లేదు" అని వస్తుంది, రక్షణ ఆఫ్. పైన జీసీసీ 14 గురించి చెప్పిన జబ్బూ ఇదే, అక్కడ పొరపాటున జరిగింది, ఇక్కడ కావాలని చేశారు, చూసేవాడికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. కనిపించని పరీక్షలు ఎన్ని ఎక్కువుంటే అన్ని దాక్కునే మూలలు. మీ ఫీచర్ తప్పనిసరి అయితే, దొరక్కపోతే బిల్డ్ ఆపేయండి, గట్టిగా ఎర్రర్ ఇవ్వండి. ఉంటే పెట్టు లేకపోతే వదిలేయ్ అనే పద్ధతి ఎంత తగ్గితే అంత మంచిది.

ఇంకో సంగతి, ఫ్లాగ్‌లు చెరిపేస్తే సెక్యూరిటీ ఒక్కటే పోతుందనుకోకండి. 32 బిట్ మెషీన్లలో టైమ్ లెక్క 2038 జనవరి 19 దాటి పోదు, అందుకని 2024లో డెబియన్ ఆర్మ్‌హెచ్‌ఎఫ్ (32 బిట్ ఆర్మ్ సీపీయూలకి ఇచ్చేది) లాంటి వాటిని 64 బిట్ టైమ్‌కి మార్చింది. ఆ మార్పులో ఆ బిల్డ్‌ఫ్లాగ్స్‌కీ భాగం ఉంది. ఇప్పుడు ఒక లైబ్రరీ మా ఫ్లాగ్‌తో బిల్డ్ అయ్యి, దాన్ని వాడే మీ ప్రోగ్రాం మాత్రం = వల్ల పాత లెక్కతో బిల్డ్ అయిందనుకోండి, ఒకరు 8 బైట్లు పంపితే ఇంకొకరు 4 బైట్లు చదువుతారు. తేదీలు పిచ్చిపిచ్చిగా వస్తాయి, లేదా క్రాష్ అవుతుంది, అదీ ఆ ఒక్క ఆర్కిటెక్చర్‌లోనే. మీ ల్యాప్‌టాప్‌లో ఎన్నిసార్లు నడిపినా కనిపించదు.

మిగతావి చిన్నవి, గబగబా చెప్పేస్తా. మేక్ ఇన్‌స్టాల్‌లో డెస్ట్‌డిర్ పెట్టండి, మేం నేరుగా సిస్టమ్‌లోకి ఇన్‌స్టాల్ చేయం, ఒక ఖాళీ ఫోల్డర్‌లోకి చేసి అక్కడ్నుంచి ప్యాకేజీ కడతాం. స్ట్రిప్ మీరు చేయకండి, డీబగ్ సింబల్స్ విడిగా తీసుకోవాలి మాకు. బిల్డ్ మధ్యలో నెట్ నుంచి ఏదీ డౌన్‌లోడ్ చేయకండి, బిల్డ్ అవుతున్నప్పుడు నెట్ వాడకూడదని డెబియన్ నియమం. జెడ్‌లిబ్ లాంటి లైబ్రరీల పాత కాపీని మీ సోర్స్‌లో పెట్టుకుని ఉంటే, సిస్టమ్‌లోది వాడుకునే వీలు ఇవ్వండి, లేకపోతే దానిలో బగ్ దొరికిన రోజు మీది ఒక్కటీ మిగిలిపోతుంది. లైబ్రరీల దారి చేత్తో రాయకుండా పీకేజీ-కాన్ఫిగ్‌ని అడగండి. కంపైల్ కమాండ్ దాచేసి ఒట్టి ఫైల్ పేరు చూపించే మేక్‌ఫైల్ అందంగానే ఉంటుంది, కానీ ఏ ఫ్లాగ్ వెళ్ళిందో మాకు లాగ్‌లో కనపడాలి, దానికొక స్విచ్ పెట్టండి. బిల్డ్ చేసిన తేదీ బైనరీలో అచ్చువేయకండి, వేయాల్సి వస్తే సోర్స్_డేట్_ఈపాక్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఉన్న తేదీ వాడండి, ఒకే సోర్స్ నుంచి ఇద్దరు బిల్డ్ చేస్తే ఒకే బైనరీ రావాలి, ఎక్స్‌జెడ్ తర్వాత దీని విలువ ఎవరికీ చెప్పక్కర్లేదు.

సింపుల్‌గా ఉంటే పెద్ద సాఫ్ట్‌వేర్ కుదరదు అనే మాట నేను ఒప్పుకోను. ఎస్‌క్యూలైట్ చూడండి, ప్రతి ఫోన్‌లోనూ ఉండే డేటాబేస్, వాళ్ళు సోర్స్ అంతా కలిపి ఒకే సీ ఫైల్‌గా కూడా ఇస్తారు, దాన్నీ షెల్ ఫైల్‌నీ కలిపి ఒక్క జీసీసీ కమాండ్‌తో బిల్డ్ చేసుకోవచ్చు. మా వైపు కూడా చూడండి, ఒకప్పుడు డెబియన్ రూల్స్ ఫైల్ అంటే పేజీలకి పేజీలు, ప్రతి మెట్టూ మేమే రాసేవాళ్ళం. 2008లో డెబ్‌హెల్పర్ 7తో డీహెచ్ అనే కమాండ్ వచ్చాక ఆ ఫైల్ మూడు లైన్లు అయింది. మీ స్క్రిప్ట్ పద్ధతిగా ఉంటే ఆ మూడు లైన్లే చాలు. నాలుగో లైన్ రాశానంటే మీ స్క్రిప్ట్‌లో ఏదో దారి తప్పింది, దాన్ని నేను బయట్నుంచి సరిదిద్దుతున్నానని అర్థం. నా దగ్గర ఒక ప్యాకేజీ రూల్స్ ఫైల్ అరవై లైన్లు దాటింది, అందులో సగం మీ ఫ్లాగ్‌లని సెడ్‌తో తుడిచేసేవే, కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా ఆ సెడ్ ఎక్కడ తప్పుతుందోనని గుండె దడదడలాడుతుంది.

ముఖ్యంగా తెలుగు కోసం పనిచేసేవాళ్ళకి చెప్తున్నా, ఫాంట్లు, కీబోర్డులు, స్పెల్ చెకర్లు, ఓసీఆర్ పనిముట్లు చేసేవాళ్ళకి. వీటిని వాడేవాళ్ళు కొత్త మెషీన్లు కొనుక్కునేవాళ్ళు కారు. పాత కంప్యూటర్లు, స్కూల్ ల్యాబ్‌లు, గ్రంథాలయంలో మూల ఉన్న పీసీ, రాస్‌బెర్రీ పై. మీరు ఎవరికోసం రాత్రంతా మేలుకుని కోడ్ రాశారో సరిగ్గా వాళ్ళ దగ్గరే అది ఆగిపోతోంది, మీ కోడ్‌లో తప్పు వల్ల కాదు, బిల్డ్ స్క్రిప్ట్‌లో ఎక్కడో చూసి కాపీ చేసిన ఒక ఫ్లాగ్ వల్ల. నాకు అది చాలా బాధగా ఉంటుంది.

రిలీజ్ చేసేముందు ఒక్క పని చేసి చూడండి. ఏమీ లేని కొత్త కంటైనర్‌లో కంపైలర్, కావాల్సిన లైబ్రరీలు మాత్రం వేసుకుని, తర్వాత నెట్ ఆపేసి, సీఫ్లాగ్స్‌కి -ఓ0 -జీ ఇచ్చి మేక్ కొట్టండి. బిల్డ్ అవ్వాలి, లాగ్‌లో ప్రతి కమాండ్‌లోనూ ఓ0 కనపడాలి, దాని తర్వాత ఓ3 అని మళ్ళీ రాకూడదు. పది నిమిషాల పని.

ఆ స్కూల్ ప్రోగ్రాం రాసిన అబ్బాయికి నేను ప్యాచ్ పంపాను, నాలుగు లైన్లు మారాయి. మార్చ్=నేటివ్ తీసేశాం, సమానం పక్కన ప్రశ్నార్థకం పెట్టాం, ఇన్‌క్లూడ్ దారి విడిగా పెట్టాం, డబ్ల్యూఎర్రర్ అతని సీఐలోకి వెళ్ళింది. ఆ సాయంత్రమే కలిపేశాడు, వెంటనే నేను మళ్ళీ బిల్డ్ చేసి పంపాను, మర్నాడు మాస్టారు ల్యాబ్ తాళం తీశారు. ఇలాంటి ప్యాచ్‌లు ఇంకా పదకొండు నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి, మీలో కొందరికి ఈ వారంలోనే వస్తాయి. వచ్చినప్పుడు నా మెషీన్‌లో బాగానే నడుస్తోంది కదా అని మూసేయకండి, అర్థం కాకపోతే అడగండి, తెలుగులోనే అడగండి, ఎన్నిసార్లయినా చెప్తాను.

ఇట్లు,
మీ సాఫ్ట్‌వేర్‌ని ప్యాకేజీ చేసే ఒకడు,
విజయవాడ